నార్వే భాషయందలి దీర్ఘసమాసములు: అక్షరవిభాగము, ఊనిక

వ్యాకరణము చదువ నారంభించిన ప్రతివిద్యార్థియు ఇంద్రశత్రుకథ నెఱుఁగును. తన కొడుకును జంపిన ఇంద్రునిపై పగ దీర్చుకొనఁగోరి త్వష్ట హోమము చేయుచు, ఇంద్రశత్రువు వృద్ధినొందుఁగాక యని పలికెను. ఇంద్రుని శత్రువు, అనఁగా ఇంద్రుని జంపువాఁడు, అను తత్పురుషార్థము వానికి వలసినది. అందులకు తుదియక్షరము ఉదాత్తము కావలసియుండఁగా పూర్వపదమున ఉదాత్తము పడెను. సమాసము బహువ్రీహి యయ్యెను. ఇంద్రుఁడే యెవనికి హంతయో వాఁడని యర్థము మాఱెను. హోమమునఁ బుట్టిన వృత్రుఁడే హతుఁడయ్యెను. ఒక్క యక్షరమైనను మాఱలేదు, స్వరముమాత్రమే తాఱుమాఱైనది.

మన దేశభాషలలో నీ స్వరభేదము నశించి చాలకాలమైనది. అందుచేత నీ కథ మనకు పుస్తకములలోని మాటగనే మిగిలియున్నది. కాని యూరపుఖండమున కుత్తరపుటంచున నున్న నార్వేదేశమున, సుమారు 55 లక్షల జనులుండు చోట, ఇట్టి భేదము నేఁటికిని నోళ్లలో బ్రదికియున్నది. అచ్చటి బాలుఁడు సమాసమును విడఁదీసి పలికినచో అర్థము చెడును. విడఁదీసి వ్రాసినను చెడును. ఆ భాషలోని దీర్ఘసమాసములందు అక్షరము లెట్లు విభక్తములగునో, ఊనిక యెచ్చటఁ బడునో తెలుపుట యీ వ్యాసమునకు విషయము. ఊనిక యనఁగా ఒకయక్షరమును దక్కినవానికంటె బలముగా నొత్తి పలుకుట.

నార్వే భాష ఇండో యూరోపియను కుటుంబములో జర్మానిక్ శాఖకుఁ జేరినది. స్వీడిష్, డేనిష్, ఐస్లాండిక్ భాషలు దానికి తోఁబుట్టువులు. దానికి రెండు లిఖితరూపములు గలవు. ఒకటి బూక్‌మోల్, రెండవది న్యూనొష్క్. 1929వ సంవత్సరమున వానికి ఈ పేళ్లు స్థిరపడినవి. ఈ పేళ్లే మనకు మొదటి యుదాహరణములు. బూక్ అనఁగా పుస్తకము, మోల్ అనఁగా భాష. న్యూ అనఁగా క్రొత్త, నొష్క్ అనఁగా నార్వీజియను. రెండును సమాసములే, రెంటను పూర్వపదముమీఁదనే యూనిక.

లిపి విషయమై యొకమాట చెప్పవలసియున్నది. ఆ భాషయందలి యచ్చులు కొన్ని మన లిపికి లొంగవు. పెదవులు గుండ్రనచేసి 'ఇ' పలికినచో కలుగు ధ్వనిని నేనిచ్చట 'యు' అనియు, అట్లే 'ఏ' పలికినఁ గలుగు దానిని 'ఓ' అనియు వ్రాయుచున్నాను. ఇవి ఉజ్జాయింపులే. పదములను గుర్తించుటకు చాలును, పలుకుటకు చాలవు.

ఆ భాషలో సమాసమును ఒక్కపదముగనే వ్రాయవలెను. ఆంగ్లమునందువలె నడుమ చోటు విడుచుట తప్పు. ఇది లేఖకుల పట్టుదల మాత్రమే యని తలఁపరాదు. లమ్మెలోర్ అని కలిపి వ్రాసిన గొఱ్ఱెపిల్ల తొడ, అనఁగా వంటకు దెచ్చు మాంసము. లమ్మె లోర్ అని విడిచి వ్రాసిన చచ్చుపడిన తొడలు. తూన్‌ఫిస్క్‌బీతెర్ అనఁగా తూన్ అను చేఁపయొక్క ముక్కలు. విడిచినచో, ఆ చేఁప కఱచును అని వాక్యమే యగును. నవ్వు గొలుపు నివి యట్లుండనిండు. రోయ్క్‌ఫ్రిత్ అను పలక ఇచ్చట పొగత్రాగరాదని చెప్పును. దానినే రెండుమాటలుగా వ్రాసినచో, స్వేచ్ఛగా పొగత్రాగుఁడు అని విధివాక్య మగును. నిషేధము అనుమతి యైనది. ఇంద్రశత్రువునకు దీనికంటె దగ్గఱి చుట్టము దొరకదు.

ఇంక ఊనిక మాట. సమాసమునకు ముఖ్యమైన యూనిక పూర్వపదమున నుండుట సామాన్యసూత్రము. ఉత్తరపదమున గౌణమైన యూనిక యుండును. లమ్మెలోర్ అనునప్పుడు 'లమ్' అను నక్షరము ముఖ్యము, 'లోర్' గౌణము. లమ్మె లోర్ అను రెండుమాటలందు దేనియూనిక దానికి నిండుగా నుండి, రెండవదే బలముగా వినఁబడును. హల్లులయందును అచ్చులయందును భేదము లేదు. అర్థవిషయమునఁ గాని లింగవచనముల విషయమునఁ గాని ప్రాధాన్యము ఉత్తరపదమునకే యున్నను, ఊనికమాత్రము పూర్వపదము పట్టుకొనుట గమనింపఁదగినది. మన తత్పురుషమున ఉత్తరపదము అర్థమునకును ప్రధానము, తఱచుగా స్వరమునకును ప్రధానము. అచ్చట ఆ రెండధికారములు చెఱియొకరికిని బంచియీయఁబడినవి.

ఇట్లేల యయ్యెను? జర్మానిక్ భాషలన్నిటికిని మూలమైన భాషలో నొకప్పుడు వైదికభాషయందువలెనే ఊనిక స్థిరములేక పదమున నెచ్చటనైనను పడుచుండెను. భ్రాతృశబ్దమున ఆదియుదాత్తము, పితృశబ్దమున అంత్యోదాత్తము. ఈ భేదమే ఆ రెండుశబ్దముల జర్మానిక్ రూపములందు నడిమి హల్లు వేఱగుటకు కారణమని డెన్మార్కు దేశస్థుఁడైన కార్ల్ వెర్నర్ (1846–1896) నిరూపించెను. పిదప ఊనిక యంతయు పదాదికిఁ జేరి స్థిరపడినది. వేదస్వరములు మన సంహితలలో భద్రముగా నిలిచియుండుటచేతనే యూరపుపండితులకు తమ భాషల పూర్వచరిత్రము తెలియవచ్చెనని మనవారు గర్వించినఁ దప్పులేదు.

ఛందస్సు తెలిసినవారికి సులభముగా బోధపడు విశేష మొకటి గలదు. నార్వే భాషలో ఊనికగల యక్షరము తప్పక గురువై యుండవలెను. అది రెండువిధముల గురువగును. అచ్చు దీర్ఘమై హల్లు తేలికగా నుండవచ్చును. లేదా అచ్చు హ్రస్వమై హల్లు ద్విత్వముగా నుండవచ్చును. తాక్ అనఁగా ఇంటికప్పు. తక్క్ అనఁగా కృతజ్ఞతాసూచకమైన మాట. మొదటిదానియందు అచ్చు సాగును, రెండవదానియందు హల్లు నిలుచును. ఊనిక లేని యక్షరమున నీ దైర్ఘ్యము నిలువదు. సమాసమున ఉత్తరపదము తన దైర్ఘ్యమును గోల్పోక నిలుపుకొనును గనుక, దాని యూనిక బలహీనమైనను పూర్తిగా నశింపలేదని చెవికిఁ దెలియును. గౌణమైన యూనిక యని పేరు పెట్టుటకు ముఖ్యకారణ మిదియే.

ఊనికతోపాటు తానభేద మొకటి గలదు. నార్వే స్వీడను దేశముల భాషలయందు ఊనికగల యక్షరమునుండి రెండువిధముల రాగము పుట్టును. బొన్నెర్ అను మాట యొకరాగమున పలికిన సేద్యగాండ్రు అని యర్థము. వేఱొకరాగమున పలికిన చిక్కుడుగింజలు, లేక ప్రార్థనలు అని యర్థము. వ్రాతలో మొదటిదానికి నడుమ దకార మున్నను అది పలుకఁబడదు. ఓస్లో నగరమునను తూర్పుసీమయందును మొదటితానము క్రిందినుండి మీఁది కెక్కును. రెండవది మీఁదనుండి క్రిందికి దిగి, మఱల నెక్కును. పడమటిసీమ రాగము వేఱు. కొన్ని మాండలికములందు ఈ భేదమే లేదు. దీని పుట్టుక ప్రాచీననార్సు భాషలోని యక్షరసంఖ్యయందున్నది. సేద్యగాండ్రను దెలుపు ప్రాచీనరూపము ఏకాక్షరము. ప్రార్థనలను దెలుపునది ద్వ్యక్షరము. ఏకాక్షరములు మొదటితానమునకును, అనేకాక్షరములు రెండవతానమునకును జేరినవి. కాలక్రమమున మొదటివానికిని మఱియొక యక్షరము వచ్చిచేరినది గాని తానము మాఱలేదు. సమాసము సహజముగనే అనేకాక్షరము గనుక దానికి రెండవతానమే తఱచు. మధ్యస్వీడనులో నించుమించుగా సమాసములన్నియు రెండవతానమునఁ బలుకఁబడును. నార్వేలో పూర్వపదముయొక్క స్వభావమునుబట్టి మొదటితానముగల సమాసములును గలవు.

తూర్పుసీమలో నొక ముఖ్యమైన యూనికనుండి తరువాతి ముఖ్యమైన యూనికవఱకు ఒకే రాగఖండము. ఆ ఖండముయొక్క తుదియక్షరమున స్వరము పైకెక్కును. సమాసమున ముఖ్యమైన యూనిక యొకటియే గనుక, అది యెంత పొడవైనను ఒక్కఖండముగ నడువవలెను. కాఁబట్టి వినువాఁడు స్వరము దిగినచోట పదము మొదలయినదనియు, చివర నెక్కినచోట ముగిసినదనియు గ్రహించును. వ్రాతలో చోటు విడువకుండుట యీ యేకరాగతకు ప్రతిబింబము. వ్రాతను విడిచినవాఁడు రాగమును ద్రెంచినవాఁడగును.

సామాన్యసూత్రమున 'పూర్వపదముమీఁద' అని యున్నదే కాని 'మొదటియక్షరముమీఁద' అని లేదు. నేను మొదట నేర్చుకొన్నప్పుడు ఈ రెంటికిని భేదము గ్రహింపక చాలదినములు తప్పుగాఁ జదివితిని. దేశ్యపదములందు మొదటియక్షరమే ఊనికకు స్థానము గనుక రెండును ఒకటిగనే తోఁచును. లాటిను, ఫ్రెంచి భాషలనుండి వచ్చిన పదములందు ఊనిక సాధారణముగా చివర నుండును. త్రఫిక్క్ (రాకపోకలు) అను పదమున 'ఫిక్' మీఁద, మినొరితేత్ (అల్పసంఖ్య) అను పదమున 'తేత్' మీఁద. ఇట్టి పదము పూర్వపదమైనచో సమాసముయొక్క ముఖ్యమైన యూనిక ఆ లోపలి యక్షరముననే నిలుచును. తూర్పుపల్లెలలో మాత్రము ఎరువుమాటలయందును ఊనికను మొదటికి లాగి పలుకువారు గలరు. ఊళ్లపేళ్ల త్రోవ వేఱు. లిల్లెహమ్మెర్ అనునది సూత్రమును తలఁదాల్చి 'లిల్' మీఁద ఊనిక గలిగియున్నది. క్రిస్తియన్‌సన్, క్రిస్తియన్‌సున్ అను రెండుపట్టణముల పేళ్లందు ఊనిక చిట్టచివరి యక్షరమునఁ బడును. వ్రాతలో వీని తుదనుండు దకారము పలుకఁబడదు. మన భూగోళపుస్తకములు దానిని డకారముగా వినిపించుచున్నవి.

ఇంక అతుకులయొద్దకు వత్తము. ఆగమము, లోపము, ఆదేశము అను మన మూఁడు పరిభాషలును అచ్చట పనికివచ్చును.

ఆగమము సకారము, కొన్నిచోట్ల ఎకారము. అర్బైద్ (పని), ప్లస్ (చోటు) అనునవి కలిసి అర్బైద్స్‌ప్లస్ అగును. నిలువుటద్దము, తేనెటీఁగ అనుచోట్ల మన టుగాగమమువలె ఇదియు అర్థము లేనిది, అతుకుటకే వచ్చినది. కాని దానికొక చక్కని యుపయోగము గలదు. వీన్‌గ్లస్ అనఁగా ద్రాక్షాసవపు గిన్నె. ఇందు సకారాగమము లేదు. ఎఱ్ఱ ద్రాక్షాసవమునకు రోవీన్ అని పేరు. దానిని ద్రాగు గిన్నె రోవీన్స్‌గ్లస్. ఇచ్చట సకారము వచ్చినది. పూర్వపదము తానే సమాసమైనచో ఆగమము వచ్చుట తఱచు. కావున సకారము వినఁబడఁగానే, అంతకుముందున్న దంతయు ఒక ముద్ద, తరువాతిది వేఱొకటి యని తెలియును. ఎఱ్ఱనిది ద్రాక్షాసవమే కాని గిన్నె కాదు. మన దీర్ఘసమాసములందు ఏపద మేపదముతో మొదట కూడినదో తెలియక వ్యాఖ్యాతలు కలహించుటకు, ఇట్టి గుఱుతు లేకుండుటయు నొక కారణమేమో!

లోపము హల్లుది. రెండుపదముల కలయికచే ఒకేహల్లు మూఁడుమాఱులు రావలసియున్నచో రెంటినే వ్రాయుదురు. నత్త్ (రాత్రి), తోగ్ (రైలు) కలిసి నత్తోగ్. త్రఫిక్క్, కోర్క్ (బిరడా) కలిసి త్రఫిక్కోర్క్, అనఁగా బండ్లు క్రిక్కిఱిసి దారి మూసికొనుట. పంక్తి చివర పదమును విఱువవలసి వచ్చినప్పుడు లోపించిన హల్లు మఱల వచ్చును: నత్త్ - తోగ్. పదపాఠకారుఁడు సంధిని విప్పి పదముల స్వరూపము నెట్లు చూపునో, అచ్చుకూటములోని నార్వే పనివాఁడును అట్లే చూపవలసియున్నాఁడు. సంహితలో తకారములు రెండు, పదపాఠమున మూఁడు!

ఆదేశము మనవారికి మిక్కిలి ప్రీతి గూర్చును. తూర్పుసీమయందును, త్రొండెలాగ్‌నందును, ఉత్తరభాగమునందును రేఫము తరువాతి త, ద, న, ల లు రేఫముతోఁ గూడి ట, డ, ణ, ళ లగును; సకారము షకారమునకు సమీపించును. బార్న్ (బిడ్డ) అనునది బాణ్ అని వినఁబడును. న్యూనొష్క్ అను పేరిలోని షకారము వ్రాతలో రేఫసకారములే. పడమట బెర్గెన్, స్తవాంగెర్ పట్టణములవారు రేఫమును నాలుకకొనతోఁ గాక కంఠమూలమునఁ బలుకుదురు గనుక వారికి మూర్ధన్యములు లేవు. సమాసమున పూర్వపదము రేఫాంతమై ఉత్తరపదము తకారాదియైనను ఈ యాదేశము వచ్చును. సొమ్మెర్ (వేసవి), తీద్ (కాలము) కలిసి సొమ్మెటీద్. పాణిని ణత్వమును ఒకేపదమునకు కట్టుబఱచి, సమాసమున పూర్వపదమందలి రేఫముచే ణత్వము పేళ్లయందు రావచ్చునని వేఱుగా విధించెను. శూర్పణఖ యందుల కుదాహరణము. నార్వేవారికి అట్టి కట్టడి లేదు. వేర్వేఱు పదములనడుమ సయితము వారు రేఫదకారములను డకారము చేయుదురు.

ఇచ్చటనే అక్షరవిభాగమునకు చిక్కు పుట్టుచున్నది. సొమ్మెటీద్ అనుచోట టకారము పూర్వపదముయొక్క రేఫమా, ఉత్తరపదముయొక్క తకారమా? రెండును. అతుకు ఒకే హల్లు నడిమినుండి పోవుచున్నది. చెవికి సొమ్‌-మె-టీద్, మనస్సునకు సొమ్మెర్-తీద్. వ్రాతలో విఱుచునప్పుడు మనస్సునే యనుసరింపవలెను. సమాసమును అతుకుకడనే విఱువవలెననియు, సమాసము కాని పదమున నొక్కహల్లును మాత్రము క్రిందిపంక్తికిఁ దీసికొనిపోవలెననియు అచ్చటి మర్యాద. సకారాగమము ఎల్లప్పుడు పూర్వపదమునకే చెందును.

చెవికిని మనస్సునకును వైరము మఱియొకచోట స్పష్టము. ఇబ్సెను 1884లో వ్రాసిన నాటకమునకు అడవిబాతు పేరు. నేఁటి వర్ణక్రమమున ఆ పక్షి విల్లన్. విల్ (అడవి), అన్ (బాతు) అని రెండుపదములు. చెవికి విల్-లన్ అని లకారము రెండవదిక్కునకును ప్రాఁకును. లన్ అనఁగా దేశము! అక్షరములను చెవి చెప్పినట్లు కోసినవానికి బాతు పోయి దేశము మిగులును.

గ్లస్కోల్ అను పదమును జూడుఁడు. గ్లస్స్ అనఁగా గాజు. దానిలో రెండవభాగము స్కోల్ అనుకొన్నచో గాజుగిన్నె. కోల్ అనుకొన్నచో గాజుతో నేదో సంబంధముగల క్యాబేజి. సకారలోపముచేత వ్రాత రెంటికి నొకటే. నోటిలోమాత్రము భేదము గలదు. ఆ భాషలో క, త, ప లు పదాదిని ఊనికతో వచ్చినప్పుడు మన ఖ, థ, ఫ లవలె కొంచెము ఒత్తుతోఁ బలుకఁబడును. తమ పదముననే సకారముతోఁ గూడియున్నచో ఒత్తు పోవును. కావున గాజుగిన్నెలో కకారము, క్యాబేజిలో ఖకారము వినఁబడును. ఈ యొత్తు ఆంగ్లేయుని చెవికి స్ఫురింపదు, మనకు స్ఫురించును. కకార ఖకారములు వేఱువేఱు లిపులుగా గలవారికి ఈ విషయమున గొప్ప మేలు గలదు.

ఇంతవఱకు చెప్పినదాని నొక పెద్దపదమునఁ జూతము. నార్వేలో నతిదీర్ఘపదమని తఱచుగా నుదాహరింపఁబడునది భౌతికశాస్త్రమునకు సంబంధించినది:

మినొరితేత్స్‌లాద్నింగ్స్‌బేరెర్‌దిఫుషూన్స్‌కొఎఫిసిఎంత్‌మోలింగ్స్‌అప్పరతూర్.

రోమను లిపిలో 60 వర్ణములు, పలుకుటలో 22 అక్షరములు. పదము లేడు: మినొరితేత్ (అల్పసంఖ్య), లాద్నింగ్ (విద్యుదావేశము), బేరెర్ (మోయునది), దిఫుషూన్ (వ్యాపనము), కొఎఫిసిఎంత్ (గుణకము), మోలింగ్ (కొలుచుట), అప్పరతూర్ (పరికరసామగ్రి). అర్ధవాహకములయందు తక్కువసంఖ్యలో నుండు ఆవేశవాహకములయొక్క వ్యాపనగుణకమును గొలుచు సామగ్రి యని తాత్పర్యము. 'అల్పసంఖ్యావేశవాహకవ్యాపనగుణకమాపనసామగ్రి' యని మనము పదక్రమమును మార్పకయే తెలిఁగింపవచ్చును. ఆంగ్లము దీనిని నాలుగైదు ముక్కలు చేయకుండ చెప్పలేదు.

ఏడుపదములకు అతుకు లాఱు. వానిలో నాల్గింట సకారాగమము. తేత్, ఇంగ్, షూన్ అను ప్రత్యయములతో ముగియు పదముల తరువాత నది తఱచుగా వచ్చునదే. మూఁడవయతుకున రేఫమునకు దకారము తగిలి, తూర్పువాని నోట బేరెడిఫుషూన్ అగును. ఐదవయతుకు మాత్రము ఏ వికారమును లేక యున్నది. ఆఱవదానియందు ఆగమసకారము తరువాతి యచ్చునకు ప్రాఁకఁజూచును. దానిని వెనుకకు పట్టియుంచకున్నచో తుదిపదము గుర్తుపట్టరానిదగును.

ఊనిక యెచ్చట? మొదటియక్షరమైన 'మి' మీఁద కాదు, నాలవదైన 'తేత్స్' మీఁద. ముందు మూఁడక్షరములు తేలికగా జాఱిపోవును. తరువాతి పదునెనిమిదింటిలోను లాద్, బే, షూన్స్, ఎంత్, మో, తూర్ అనునవి తమ తమ పదముల యూనికస్థానములు. అవి తమ గురుత్వమును నిలుపుకొనును గాని ముఖ్యములు కావు. తూర్పుసీమలో స్వరము చిట్టచివరి తూర్ అను నక్షరమున నెక్కి పదము ముగిసినదని చాటును. ఒక్కయూపిరిలో ఇంతదూరము స్వరమును క్రింద నిలిపియుంచుట యెవరికైనను శ్రమయే. విషయము తెలిసి పలుకువాఁడు వాహకముల కడను గుణకముకడను కొంచెము నిలుచుటయు సహజమే. ఆ నిలుచుట అర్థసంఘటన ననుసరించి నిలుచునేగాని యక్షరసంఖ్యనుబట్టి కాదు.

పరిపాలనాపత్రములలోని పదము మఱియొకటి చెప్పుదురు. ఫ్యుల్కె యను జిల్లాశబ్దముతో మొదలై, జిల్లా రాకపోకల భద్రతాసంఘకార్యాలయాధ్యక్షుని యధికారములు అను నర్థముగలది. 58 వర్ణములు, 20 అక్షరములు. ఇందు పూర్వపదము దేశ్యము గనుక ఊనిక మొట్టమొదటి యక్షరముననే. ఈ రెండుపదములను ప్రక్కప్రక్కన నుంచి చదివించినచో పైని జెప్పిన భేదము విద్యార్థికి ఒక్కపూఁటలో పట్టువడును.

ఇట్టి పదములలో నడుమ గీఁతలుంచిన సులభముగదా యని యెవరైన నడుగవచ్చును. స్పష్టతకొఱకు అవసరమైనచో సన్నగీఁత యుంచుటకు అచ్చటి వర్ణక్రమము సమ్మతించును. చోటు విడుచుటకు మాత్రము సమ్మతింపదు. అయినను అంగళ్ల పలకలపైని, ప్రకటనలలోను విడిచి వ్రాయుట ప్రబలినది. ఆంగ్లసంపర్కమును, కూర్పుయంత్రములలోని వర్ణదోషపరీక్షకములును ఇందులకు కారణములని కొందఱందురు. ఆ పరీక్షకములు తమ పట్టికలో లేని సమాసమును దోషమని చూపి, ముక్కలను దోషము కాదనుచున్నవఁట. ఉపాధ్యాయులు దీనితో పోరాడుచునే యున్నారు. పోరాటము పంతముకొఱకని కొందఱు పరిహసింతురు గాని, పొగత్రాగరాదన్న పలక త్రాగుఁడని చెప్పుచుండఁగా ఉపాధ్యాయుఁ డూరకుండుట యెట్లు?

మనము ఆ దేశపు పేళ్లను దెలుఁగున వ్రాయునప్పుడును ఇదియే జాగ్రత్త కావలెను. ఇబ్సెను 1879లో వ్రాసిన నాటకపుపేరు దుక్కెయెమ్. దుక్కె బొమ్మ, యెమ్ ఇల్లు. వర్ణక్రమమున యకారమునకు ముందు హకార మున్నను అది పలుకఁబడదు. ఆంగ్లమున దీనిని రెండుమాటలుగఁ జేసి నడుమ షష్ఠి నుంచిరి. మనవారు ఆంగ్లమునుజూచి 'బొమ్మయొక్క యిల్లు' అని తెలిఁగించినచో షష్ఠికి షష్ఠి వచ్చును గాని సమాసము పోవును. రేఫము నడుమ వచ్చి రెండుపదముల నొక్కటిగాఁ గూర్చిన 'బొమ్మరిల్లు' మనకు ముందే యున్నది.